మెడలో తాళంచెవి

పొద్దు పొడవంగనే మున్నేరు వరద గల్లీలోకి వచ్చింది.

షుకూర్ ఇంటికి తాళమేసి పెండ్లాం పిల్లలతో ట్రాక్టర్ ఎక్కిండు. అదే ఇంట్లో వెనక గదిలో ఉండే తమ్ముడు మోయిజ్ సంసారం ముందు ట్రాక్టర్‌లో పోయింది.

మలుపులో వెనక్కి చూస్తే, ఎవడో తన తాళాన్ని రాయితో కొడుతున్నడు.

షుకూర్ నీళ్లల్లోకి దూకిండు.

"ఎవడ్రా నువ్వు?"

"దేవ్లా అన్నా. పర్ణశాల దిక్కు మాది. కూలికొచ్చిన."

"కూలా, చోరీయా?"

"లోపల మనుషులున్నరేమో, ఒక్కసారి చూస్త."

"కండ్లు లేవా? తాళమున్న ఇంట్ల మనుషులెట్లుంటరు?"

"ఉంటరన్నా."

షుకూర్ గల్లా పట్టిండు. మెడలో నల్లదారానికి తాళంచెవి వేలాడుతుంది.

"దొంగ తాళంచెవి! చూసిండ్రా?"

దారం తెంపి జేబులో వేసుకుండు. రెండు దెబ్బలు వేసిండు. దేవ్లా చెయ్యి అడ్డం పెట్టలేదు.

ట్రాక్టర్‌లో పడేసి, క్యాంపు పెట్టిన బడికి తెచ్చి గేటు కాడ కూసోబెట్టిండ్రు.

మోయిజ్ చాయ్ తాగుతున్నడు.

"అమ్మీ ఏది భాయ్?"

"నీతోటి రాలే? నీ వంతు గద."

"నా నెల నిన్ననే అయిపోయింది. ఇయ్యాల ఒకటో తారీఖు."

వాళ్లమ్మ గులాబ్ బీ మంచం దిగి నడవలేదు. చెవులు వినపడవు.

అన్నదమ్ములు ఒకరి మొఖం ఒకరు చూసుకుండ్రు.

దేవ్లా అప్పటికే లేచి ఉరుకుతున్నడు. ఎవరూ ఆపలేదు.

వీళ్లు పోయేసరికి నీళ్లు కిటికీ దాటినయ్. ఇంటి పెంకులు తీసి దేవ్లా లోపలికి దిగిండు. ముసలామెను భుజం మీద పైకెత్తిండు. పక్కింటి స్లాబు మీదికెళ్లి మోయిజ్ అందుకుండు.

"నువ్వూ రా, జల్దీ!" షుకూర్ చెయ్యి చాపిండు.

గోడ కూలింది.

తర్వాత నీళ్లే ఉన్నయ్.

నీళ్లు తీసినంక ఒక ఆడమనిషి క్యాంపుకొచ్చింది. పేరు పూలి అన్నది. దేవ్లా భార్యనన్నది. ఏడ్వలేదు.

మూలకు గులాబ్ బీ సాసర్‌లో చాయ్ ఊదుకుంటుంది.

షుకూర్ జేబులోంచి తాళంచెవి తీసిండు.

"ఇది ఏ ఇంటిదమ్మా?"

"మాదే అన్నా. ఆ ఇల్లు లేదిప్పుడు."

తాళంచెవిని కొంగున ముడేసుకుంది.

"గోదారొచ్చిన ఏడు, వాళ్లమ్మ నాతోటి వచ్చిందనుకొని తాళమేసి వచ్చిండు."