తడిసిన పేజీ

"మీ నవల ఇక అరలో ఉంచలేమండీ. రెండేళ్లుగా ఒక్కరూ ఇంటికి తీసుకెళ్లలేదు. అలాంటివన్నీ తీసేయమని పైనుంచి చెప్పారు," అన్నాడు లైబ్రేరియన్.

రచయిత తలాడించాడు. రచయిత అని ఎవరూ అనరు, అతనే అనుకుంటాడు. వానకి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగునీ భార్య ఎక్కడో మర్చిపోయి వచ్చింది. విరిగిన పిడికి ఎర్రదారం చుట్టి అతను దాన్ని బాగుచేసి వారం కూడా కాలేదు. పొద్దున దానిమీదే మాటామాటా పెరిగింది.

"పాత కాగితాల్లో వేయకండి. నేనే పట్టుకుపోతాను. రాసిందే ఒక్కటి, ఇక రాసేదీ లేదు."

చేతిలోకి తీసుకోగానే పుస్తకం చివర్లో ఒకచోట దానంతటదే విచ్చుకుంది. ఆ ఒక్క పేజీ ఉబ్బి, ముడతలు పడి ఉంది.

"పైకప్పు కారుతోందా?"

"లేదండీ. ఒకావిడ వస్తుంటారు. ఆ మూల కుర్చీలో కూర్చుని, ఆ పేజీ ఒక్కటే చదువుకుని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోతారు. ఇక్కడ చదివినవి మా లెక్కలోకి రావు మరి."

పాప చనిపోయే పేజీ అది. కథలో పేరు మార్చాడు గానీ, ఆ పాప అతని కూతురే. ఆ రోజు భార్య రాయిలా కూర్చుండిపోయింది, కంట చుక్క నీరు రాలేదు. ఆ కోపం అతనికి ఇప్పటికీ చల్లారలేదు. 'కన్నతల్లి మాత్రం ఏడవలేదు' అని రాసి అచ్చేయించాడు. ఇంట్లో ఆ పుస్తకాన్ని ఆమె ముట్టుకోనైనా లేదు.

సరిగ్గా ఆ వాక్యం దగ్గరే కాగితం తడిసి తడిసి అక్షరాలు చెరిగిపోయాయి.

అతను ఆ పేజీని అరచేత్తో నిమిరాడు. "ముక్కూ మొహం తెలియని మనిషి నా బిడ్డ కోసం ఏడ్చిందండీ. కన్నదానికి ఆపాటి మనసు లేకపోయింది."

లైబ్రేరియన్ కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత లేచి, తలుపు వెనక నుంచి గొడుగు తెచ్చి చేతికిచ్చాడు.

"వాన తగ్గేలా లేదు, పుస్తకం తడుస్తుంది. ఇది పట్టుకెళ్లి రేపు తెచ్చిచ్చేయండి. ఆవిడదే, మొన్న మర్చిపోయారు."

పిడికి ఎర్రదారం చుట్టి ఉంది.