డప్పు నడక

శివరాం కుడికాలు గడప దాటింది. ఎడమకాలు మాత్రం ఒంటిగది ఖోలి లోపలే ఉండిపోయింది. మేకులు కొట్టి నేలకు దిగేసినట్టు కదలడం లేదు.

"ఎత్తు బిడ్డా, జర ఎత్తు నాయినా!" సాయమ్మ కొడుకు మోకాలు పట్టుకుని బతిమాలుతోంది. యాభై దాటినా ఆమెకు వాడింకా పిల్లగాడే.

కింద గల్లీ చివర టాక్సీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. కోడలు మంగళ పొద్దున్నే పెద్దాసుపత్రికి పోయి లైన్లో నిలబడింది. వణుకు జబ్బు చూసే డాక్టరు నెలకొక్కసారే వస్తాడు. మనిషిని చూడందే మాత్రలు రాయనని పోయినసారే కచ్చితంగా చెప్పాడు. ఉన్న మాత్రలు మొన్ననే అయిపోయాయి. అప్పటినుంచి శివరాం చేతి వణుకు పెరిగింది, గొంతు చిన్నదైపోయింది. మొహంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు, సున్నం కొట్టిన గోడలా ఉంది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, అన్నం పెట్టవా అంటున్నాడు. ఇవ్వాళ తప్పితే మళ్ళీ నెల. అప్పటిదాకా వీడు దక్కుతాడా? సాయమ్మకు ముద్ద దిగడం లేదు.

పక్క ఖోలి శంకర్రావు వచ్చి చూశాడు. "నలుగురం కలిసి కుర్చీతోటి ఎత్తుకపోతం అవ్వా. ఎంతసేపు?"

"నలుగురా! నీ నోట్ల మన్నువడ! బతికున్న పిల్లగాన్ని నలుగురు మోస్తరా?"

"గట్లయితె ముగ్గురం మోస్తం తియ్."

"ముగ్గురైతె కింద పడేస్తరు. మెట్ల మీద నెత్తి పల్గితె ఎవలు జిమ్మేదార్?"

శంకర్రావు తల గోక్కున్నాడు. "మరి డాక్టర్ ఏమన్నడు? దరువు ఇనవడితె కాలు లేస్తదన్నడా లేదా?"

"అన్నడు. పొద్దుగాల్నుంచి చప్పట్లు కొడుతనే ఉన్న. నా చేతులు వాసినయి గని వాని కాలు లేస్తలేదు."

"చప్పట్లతోటి కాదవ్వా. గంగారాంను పిలుస్త."

సాయమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. బొంబాయి కామాటిపురలో తెలుగువాళ్ల ఇంట ఎవరు పోయినా పాడె ముందు డప్పు కొట్టేది గంగారామే. అతను మామూలుగా ఎదురొచ్చినా ఆమె కొంగు కప్పుకుని పక్కకు తప్పుకుంటుంది. ఇప్పుడు కోరి గడపలోకి పిలవడమా?

కింద మళ్ళీ హారన్ మోగింది. సాయమ్మ కళ్లు మూసుకుని సరేనన్నట్టు తలూపింది.

గంగారాం వచ్చాడు. డప్పు భుజానికి తగిలించుకున్నాడు.

"గంగారాం, నీ కాళ్లు మొక్కుత, పెండ్లి దరువు కొట్టు," అంది.

"పెండ్లిళ్లకు అందరు బ్యాండువాలాను తెస్తరు గదవ్వా. నన్నెవలు పిలిచిర్రు? నాకొచ్చింది ఇదొక్కటే."

"పోచమ్మ తల్లీ, జరసేపు చెవులు మూస్కో," అని పైకి చూసి దండం పెట్టింది సాయమ్మ.

డప్పు మోగింది. శివరాం ఎడమకాలు టక్కున లేచింది. గడప దాటింది, ఖోలీల ముందున్న గ్యాలరీ దాటింది, మెట్లు దిగింది. ఎవరి చెయ్యీ పట్టకుండా, వంగిన నడుమును కాస్త నిలబెట్టుకుని డప్పు వెనకాలే నడిచాడు. గల్లీలో సాయమ్మ పరుగెత్తి అతన్ని అందుకోవాల్సి వచ్చింది.

పాన్ దుకాణంవాడు షట్టర్ సగం దించాడు. మంగలి కత్తి ఆపి, "కౌన్ గయా?" అని అడిగాడు. పై గ్యాలరీలో శాంతాబాయి, "అయ్యో, ఎవలు పోయిర్రే!" అని ముందుగా ఓ శోకం తీసింది. పూల బుట్టవాడు శివరాం మీద గుప్పెడు బంతిపూలు చల్లి మొక్కాడు.

"ఎవ్వలు పోలే! దవాఖానకు పోతున్నం!" సాయమ్మ దారి పొడుగునా అరుస్తూనే ఉంది. ఆ డప్పు మోతలో ఎవరికీ వినిపించలేదు. ఎవరెవరో వెనక చేరారు, కొందరు కళ్లు కూడా తుడుచుకుంటున్నారు.

గల్లీ మలుపు దగ్గర, టాక్సీ ఇంక నాలుగడుగులుందనగా, డప్పు ఆగింది. శివరాం ఎత్తిన కాలు అక్కడే దించి బిగుసుకుపోయాడు.

"ఆగినవేందిరా! కొట్టు!"

గంగారాం బెదిరిపోయి చూశాడు. "ఈడ దింపుడు కల్లం గదవ్వా."

శ్మశానానికి పోయే దారిలో శవాన్ని అక్కడ దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఏ మూలనన్నా ప్రాణం మిగిలుంటే లేస్తారని ఆశ.

"నా కొడుకు బతికే ఉన్నడు గదరా!"

"ఉన్నడు. కాని ఈడ పిలిచినంకనే మల్ల కొట్టుడు. ఇన్నేండ్ల అలవాటు, చెయ్యి లేస్తలేదు."

"నీ చేతికి సుత గదే జబ్బు తగిలిందా!"

టాక్సీవాడు ఇంజన్ స్టార్ట్ చేశాడు. "పిలువు అవ్వా," అన్నాడు శంకర్రావు. "రోజు పిలిచే పేరే గద."

పుట్టిన్నాటినుంచి పిలుస్తున్న పేరును సాయమ్మ ఇప్పుడు శవాన్ని పిలిచినట్టు పిలవాలి. కొడుకు చెవి దగ్గర నోరు పెట్టింది.

"శివరామా... శివరామా... శివరామా!"

డప్పు మోగింది. కాలు లేచింది. నాలుగడుగుల్లో శివరాం టాక్సీలో కూర్చున్నాడు. వెనకున్న జనం సంగతి తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టాక్సీ నాగ్‌పాడా వైపు తిరిగింది. గండం గడిచిందని సాయమ్మ కొడుకు తల నిమురుతూ, జుట్టులో ఇరుక్కున్న బంతిరేకులు ఏరింది. శివరాం పెదవులు కదిలాయి. ఆమె అతని నోటి దగ్గర చెవి పెట్టింది.

"నువ్వెవలో గని మంచిదానివి అవ్వా," అన్నాడు శివరాం. "కాని నా చెవుల పిలిస్తె ఏమొస్తది? ఎనక పాడె మీద మా అమ్మున్నది, పొయ్యి ఆమె చెవుల పిలువు. లేస్తదేమో."