గాలి గది

“ఒక్క ఏలిముద్రకి ఇంత రాద్ధాంతమేటే?” అన్నాడు మొగుడు పైడిరాజు, పొద్దుట్నుంచి మూడోసారి.

వరహాలు మంచాల మీద పేరుకున్న థర్మల్ ప్లాంటు బూడిదను తడిగుడ్డతో తుడుస్తోంది. ఊళ్ళో సగం ఇళ్ళకు ఇప్పుడీ పని లేదు. రెండో ప్లాంటుకు ఒప్పుకున్నట్టు ఇల్లాలు వేలిముద్ర వేస్తే, కంపెనీవాళ్ళు మర్నాడే ఇంట్లో బూడిద చొరబడని గాలి గది బిగించి పోతున్నారు. పిల్లల చదువులూ ఆటలూ నిద్రలూ అన్నీ అందులోనే.

వేలిముద్ర వేసినవాళ్ళకు మాత్రం ప్లాంటు వ్యతిరేక ఉద్యమ శిబిరంలో చోటుండదు. పదకొండేళ్ళ రిలే దీక్షలో ఆ కట్టుబాటు పెట్టింది వరహాలే. సొంత చెల్లెల్ని కూడా శిబిరంలోంచి లేపి పంపేసింది.

“నీ పంతానికి పిల్ల ఊపిరి తాకట్టెట్టకే,” అంది అత్త గవరమ్మ.

“అందరం ఏసేత్తే ఇంక ఆపేవోలెవులత్తా?”

“మొదటిది ఆగిందేటి?”

 మూల మంచం మీద ఏడేళ్ళ కూతురు రాజ్యం దగ్గి దగ్గి సొమ్మసిల్లింది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోతోంది.

రాత్రి అన్నాల దగ్గర, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది వరహాలు:

“రేపు ఏలిముద్ర ఏసేత్తాను. గదిలో మీరు ముగ్గురూ తొంగోండి. నాను అరుగు మీదే తొంగుంటాను.”