సైలెన్సరుకు చిల్లు

"కాస్త కూర్చోండి బాబాయ్. మీరలా తిరుగుతుంటే నా చేతిలో స్పానర్ నిలవడం లేదు," అన్నాడు మెకానిక్కు.

దర్జీ కూర్చున్నాడు. స్టూలు వేడెక్కకముందే మళ్ళీ లేచాడు.

షెడ్డు నిండా వరదలో మునిగిన బళ్ళే. హ్యాండిళ్ళకు గడ్డి చుట్టుకుని, హెడ్‌లైట్లలో నీళ్ళు నిలిచి, ఆసుపత్రి వరండాలో రోగుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. దర్జీ పొద్దున్నే తలుపు తీయకముందే వచ్చి నిలబడ్డాడు కాబట్టి మెకానిక్కు అతని స్కూటరే ముందు పట్టాడు గానీ, దాని మీద ఆశ లేదు.

"ఇందులో ఇంకేం మిగల్లేదు బాబాయ్. తుక్కు కింద ఇచ్చెయ్యండి."

"సాయంత్రానికి మోగాలి."

"మోగడమేంటి? బడి గంటా? నడవాలనండి."

"ముందు మోగనీ."

మెకానిక్కు నవ్వాడు. "అవునూ, మీ కుట్టుమిషన్ సంగతేంటి? అది మునగలేదా?"

"మునిగింది. తుప్పు పడుతోంది."

"అన్నం పెట్టే మిషను తుప్పు పట్టిపోతుంటే దీని వెంట పడ్డారా! పిన్నిగారు ఎలా ఊరుకున్నారండీ?"

దర్జీ మెడలో వేలాడే టేపు చివరను వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

"మీ పిన్ని కోసమేనయ్యా. వరద తీసినప్పట్నుంచి కన్ను మూయలేదు. డాక్టరు మాత్రలిచ్చాడు, అవీ పనిచెయ్యలేదు. మంచం మీద లేచి కూర్చుని వీధి వైపే చెవి పెట్టుకుని ఉంటుంది. మనిషి సగమైపోయింది. మొదట్నుంచీ అంతే, ఈ బండి చప్పుడు గుమ్మం ముందుకొచ్చి ఆగితే గానీ ఆవిడకు నిద్ర పట్టదు."

"అదృష్టవంతులు! నా బండి చప్పుడికి మా ఆవిడ నిద్ర లేచి మరీ తిడుతుంది."

దర్జీ నవ్వలేదు.

మెకానిక్కు పనిలో పడ్డాడు. ఇంజనాయిల్ వంపితే పాలు కలిపిన టీలా దిగింది. కార్బొరేటర్ విప్పితే అంతా ఒండ్రు. సైలెన్సరు ఊడదీసి బోర్లిస్తే బురదతో పాటు వేలెడు చేపపిల్ల జారిపడింది.

"చూశారా, టికెట్ లేకుండా ఎక్కేసింది!"

దర్జీ మొహం తిప్పుకుని రోడ్డు మీదకు వెళ్ళాడు. అక్కడ చేసే పనేమీ లేక వెనక్కి వచ్చాడు. ఎండ తిరిగింది. షెడ్డు నీడ రోడ్డుకు అడ్డంగా సాగుతోంది. ఆ నీడను చూశాడు, స్కూటరును చూశాడు.

"అయిందా?"

"పురిటి గది ముందు కూడా ఎవరూ ఇంత కంగారు పడరు బాబాయ్. ఇదిగో, వినండి."

కిక్కు కొట్టగా కొట్టగా ఇంజను దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, చివరికి అందుకుంది. మెత్తని చప్పుడు. మెకానిక్కు మొహం వెలిగిపోయింది.

దర్జీ తల అడ్డంగా ఊపాడు. "ఇది కాదు."

"ఏది కాదు?"

"చప్పుడు. ఇలా ఉండదు. దడదడమని వస్తూ వస్తూ మధ్యలో రేకు కొట్టుకున్నట్టు ఉండాలి."

"ఓ, అదా! సైలెన్సరుకు చిల్లుంటే అలాగే అరుస్తుంది. పోనీలే పాపమని నేనే అతుకు వేశాను."

"తీసెయ్."

మెకానిక్కు ఇంజను ఆపి చేతులు తుడుచుకున్నాడు. "చప్పుడు తగ్గించమని వచ్చినవాళ్ళనే చూశాను గానీ, చిల్లు పెట్టించుకునేవాళ్ళను చూడలేదు. మీరు కుట్టిన అతుకును ఎవరైనా చింపమంటే చింపుతారా?"

"అడిగిన మనిషిని చూసి చింపుతాను."

మెకానిక్కు అప్పుడు ఆ మనిషిని చూశాడు. గడ్డం మాసింది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు, కుట్టేవాడై ఉండి. మెకానిక్కు ఉలి తీసుకుని అతుకు ఊడగొట్టాడు. కిక్కు కొట్టాడు.

దర్జీ కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకొంచెం."

ఉలి దెబ్బ మరొకటి పడింది. వీధి చివరి కుక్క మొరిగింది.

"ఊఁ. ఇదే," అన్నాడు దర్జీ. షెడ్డు స్తంభానికి ఆనుకున్నాడు.

"ఎక్కండి మరి. ఒక రౌండు కొట్టి రండి."

"వీధంతా బురద. జారుతుంది. తోసుకుపోతాను."

"ఇంత చేసి తోసుకుపోవడమేంటి బాబాయ్!" అంటూనే మెకానిక్కు స్కూటరును రోడ్డెక్కించి ఇచ్చాడు. "చల్లారితే ఈ చోక్ లాగి గట్టిగా కొట్టండి."

దారి పొడుగునా గోడల మీద పరుపులు ఆరుతున్నాయి. తలుపులు ఊడదీసిన ఇళ్ళలోంచి తడి సున్నం వాసన. ఎవరో పలకరించారు. దర్జీ ఆగలేదు, రొప్పుతూ తోసుకుపోయాడు. వీధిదీపాలు ఇంకా రాలేదు. చీకటి పడుతోంది.

గుమ్మం ముందు స్టాండు వేసి, చోక్ లాగి, కిక్కు కొట్టాడు. కాలు జారి పిక్కకు దెబ్బ తగిలింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి స్కూటరు వీధంతా దద్దరిల్లేలా అరిచింది.

కిటికీలోంచి ఆవిడ కనిపిస్తోంది. మంచం మీద కూర్చున్న మనిషి తలెత్తింది. ఊపిరి బిగబట్టి వింది. అతను తాళం తిప్పాడు. చప్పుడు ఆగింది. ఆవిడ భుజాలు మెల్లగా దిగాయి. దిండు దగ్గరకు లాక్కుని, పక్కకు ఒత్తిగిలి, దుప్పటి కప్పుకుంది.

ఆ ఇంట్లో స్కూటరు నడపడం వచ్చింది కొడుకు ఒక్కడికే. వరద తీసిన మర్నాడు వాడూ, ఈ స్కూటరూ వంతెన కింద ఒక్కచోటే దొరికారు.