అడ్డుగోడ

“బీరువాలో దాక్కున్నాను. వాడు మెట్లెక్కుతున్నాడు,” అంది ఫోనులో చిన్నపిల్ల గొంతు.

“నువ్వు మాట్లాడకు తల్లీ, విను చాలు. పోలీసులు వచ్చేస్తున్నారు,” అంటూనే ఆపరేటరు ఒక చేత్తో ఇయర్‌ఫోను చెవికి అదిమి, రెండో చేతి పిడికిలి బిగించి పైకెత్తింది.

అత్యవసర సేవల కేంద్రం కొత్త హాల్లో అదే మొదటి రోజు. హాలు నమూనా గీసిన ఆర్కిటెక్టు పక్కనే కూర్చుని ఆ కాల్ వింటోంది. ఆపరేటరు చూపు ఎదుటి అడ్డుగోడ మీదే ఉంది. ఒకరి మాటలు ఒకరికి అడ్డం రాకూడదని ఆర్కిటెక్టు తలకంటే ఎత్తుగా కట్టించిన గోడ అది. దాని అవతల, పోలీసు బండ్లను పంపే ఉద్యోగి ఉన్నాడు.

పిడికిలి దిగలేదు. ఆ సైగ గోడ అవతలికి కనపడదని ఆర్కిటెక్టుకు అప్పుడు తట్టింది. గోడ చుట్టూ పరుగెత్తింది.

“ఆవిడ పిడికిలి ఎత్తారు!”

“అయ్యో, సైరన్ ఆపమని! అది వింటే వాడు పిల్లని ఏం చేస్తాడో!” అతను మైకు అందుకున్నాడు. “సైరన్ ఆపండి. చప్పుడు చెయ్యకుండా వెళ్లండి.”

ఆ తర్వాత గోడ అవతలి నుంచి ఏమీ వినపడలేదు. ఆమె కోరి కట్టించిన నిశ్శబ్దమే అది.

“పిల్ల ఎలా ఉంది?”

“ఏమో మేడమ్. పాత గదిలో అక్క మొహం చూస్తే తెలిసేది.”

ఇద్దరూ కుర్చీలెక్కి గోడ మీంచి తొంగిచూశారు. ఆపరేటరు వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“భయపడకండి, పిల్ల క్షేమంగా దొరికింది,” అన్నాడతను. “దొరకనప్పుడు అక్క ఏడవదు. వెంటనే తర్వాతి కాల్ ఎత్తుతుంది.”