బస్సు తిరగడానికి ఇచ్చిన కళ్లం

తిప్పమ్మ తన కళ్లం ఇచ్చింది కాబట్టే మా ఊరికి బస్సు వచ్చింది. బస్సు వెనక్కి తిరగడానికి ఊళ్లో అంత చదును నేల మరెక్కడా లేదు.

బస్సు రావడంతోటే కళ్లం చుట్టూ అంగళ్లు లేచాయి. తిప్పమ్మ కూడా ఒక మూల టీ అంగడి వేసుకుంది. వానల్లేని ఆ కరువులో ఆమెకు కూడు పెట్టింది అదే.

ఆ పొద్దు నల్లమాడ నుంచి వచ్చిన బస్సు కళ్లంలో ఇరుక్కుపోయింది. ముందుకు పోతే సోడా అంగడి, వెనక్కి పోతే టీ అంగడి.

"ఏమప్పా, బస్సుకు ఈడ గోరీ కట్టినారే!" అని డ్రైవర్ హజరత్ వలి అరిచాడు. "ఒక అంగడి తీయండి. లేకుంటే రేపట్నుంచి పెద్ద రోడ్డు మీదే నిలిపేస్తా. ఆడిదాకా నడిచి రండి."

ఎవరూ కదలలేదు. అందరూ తిప్పమ్మ వైపే చూశారు.

"నేలే ఇచ్చినదానివి, అంగడి ఒక లెక్కా అక్కా?" అన్నాడు సోడా అంగడాయన.

అంగడి తీస్తే కూడు లేదు. తీయకుంటే బస్సు రాదు, టీ తాగేవాళ్లూ రారు.

తిప్పమ్మ తానే గుంజలు పెరికింది. బస్సు తిరిగింది. ఆమె పొయ్యి, గ్లాసులు గోనెలో వేసుకుని బస్సెక్కి కూర్చుంది.

"యాడికక్కా?" అన్నాడు హజరత్ వలి.

"నేల నాదైతేనే గదా అంగడి తీయమనేది. నీ బస్సు నిలిచే ఊర్లల్లో నాది కాని నేల యాడుంటే ఆడ దించన్నా. అంగడి వేసుకుంటా."