గెలిచినవాళ్ళే బానెట్ ఎత్తాలి

ఎర్రదీపం దగ్గర వాండా కారు పక్కనే మట్టిరంగు సెడాన్ ఒకటి వచ్చి ఆగింది.

స్టీరింగ్ వెనక తలకు రుమాలు కట్టుకున్న పెద్దావిడ.

వాండా స్టీరింగ్ మీద చేతులు సర్దుకుంది. కోరి వెతుక్కున్నా ఇంతకన్నా మంచి జోడీ దొరకదు. శుక్రవారం సాయంత్రం వుడ్‌వర్డ్ వీధిలోకి ఎవరు కొత్త కారు తెచ్చినా, ఈ దీపం నుంచి తర్వాతి దీపం దాకా మొదటి పందెం ఇర్మా పెద్దమ్మతోనే. అందరి చేతుల్లోనూ ఓడిపోయే ఆవిణ్ణి డెట్రాయిట్ కుర్రకారులో ఎరగనివాళ్ళు లేరు.

పక్కసీట్లో తండ్రి కాజిమిర్ మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

కార్లలోనే కూర్చుని తినే డ్రైవిన్ హోటల్లో రెండు వేసవులు హాంబర్గర్లు మోసి వాండా ఈ ఎర్ర పాంటియాక్ కొనుక్కుంది. కానీ ఆమెకు వయసు చాలక కాగితాలు తండ్రి పేరు మీదున్నాయి. ఆయనేమో ఆదివారం దీన్ని అమ్మేస్తానని భీష్మించాడు. పొద్దస్తమానం ఫ్యాక్టరీలో కార్లకు తలుపులు బిగించి వచ్చేవాడికి ఇంట్లో కూడా ఇదే మోతా అని ఆయన గోల. ఒక్కసారి ఎక్కి చూడమని వాండా కాళ్ళావేళ్ళా పడితే ఇవాళ ఎక్కాడు.

"రబ్బరు అరగదీసుకోవడానికి ఇంత సంబరమా?" అన్నాడు.

పెద్దమ్మ అద్దం దించింది. ముందు వాండాను చూసింది. తర్వాత కాజిమిర్ మొహాన్ని కాస్త ఎక్కువసేపే చూసింది.

"మీ నాన్నగారా?"

"అవును పెద్దమ్మా. ఆదివారం నా కారు అమ్మేస్తారట."

"అలాగా," అంది పెద్దమ్మ. రుమాలు ముడి బిగించుకుని తల ఊపింది.

ఆ వీధిలో తల ఊపారంటే పందేనికి సరేనన్నట్టే.

పచ్చదీపం పడింది.

కాజిమిర్ వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆయన టోపీ వెనక సీట్లోకి ఎగిరిపడింది. ఇంజను గర్జన కాళ్ళలోంచి కడుపులోకి పాకింది.

మట్టిరంగు ముక్కు ఒక్క క్షణం ముందుకొచ్చింది. వాండా పళ్ళు బిగించి గేరు మార్చింది. సెడాన్ కొంచెంకొంచెంగా వెనకబడింది.

తర్వాతి దీపం దగ్గరికి వాండాయే ముందు చేరింది.

వాండా బిక్కుబిక్కుమంటూ తండ్రి వైపు చూసింది. ఆయన భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడు.

"నేను బిగించిన తలుపు ఊడలేదు చూశావా?" అన్నాడు. "ఇంకోసారి పోనియ్యవే."

ఇన్నేళ్ళూ ఆయన కార్లను తలుపుల వరకే చూశాడు. అవి పరిగెత్తితే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. కొంటానన్న మనిషిని ఆదివారం రావద్దని ఆ సాయంత్రమే కబురు పెట్టేశాడు.

పందెం అయ్యాక డ్రైవిన్ ముందు గెలిచినవాళ్ళు బానెట్ ఎత్తి అందరికీ ఇంజను చూపించాలి. అది అక్కడి ఆచారం. వాండా బానెట్ ఎత్తింది. కాజిమిర్ ఆ ఇంజను తానే కన్నట్టు అందరికీ చూపించి మురిసిపోయాడు.

ఓడినవాళ్ళ బానెట్ ఎత్తమని ఎవరూ అడగరు.

గెలుపు తలకెక్కి వాండా నోరు జారింది.

"పెద్దమ్మా, దీన్నమ్మేసి గుర్రబ్బండి కొనుక్కో. గుర్రానికి పౌరుషమైనా ఉంటుంది."

అందరూ పగలబడి నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వి, వయసైపోయింది, నాకూ దానికీ కూడా అని వెళ్ళిపోయింది.

తానన్న మాట వాండాను ముల్లులా గుచ్చుతూనే ఉంది. క్షమించమని అడగాలనుకుంది. ఈ శుక్రవారం కాకపోతే వచ్చే శుక్రవారం అనుకుంటుండగానే వేసవి గడిచిపోయింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం కూతురికన్నా ముందే కాజిమిర్ టోపీతో వాకిట్లో తయారు.

ఆకులు రాలే రోజుల్లో మట్టిరంగు సెడాన్ మళ్ళీ వచ్చింది. దిగింది పెద్దమ్మ కాదు. డేల్ అని, ఆమె మేనల్లుడు. అత్త పోయిందన్నాడు. కారును చివరిసారి ఈ వీధిలో పరిగెత్తించమని అడిగిందట.

"నాకిది లొంగడం లేదు. మీరు తోలతారా?" అని తాళాలు కాజిమిర్ చేతిలో పెట్టాడు.

కాజిమిర్ సెడాన్ ఎక్కాడు. వాండా తన పాంటియాక్‌ను ఎర్రదీపం దగ్గర దాని పక్కనే ఆపింది. కళ్ళు తుడుచుకుంది. అడగలేకపోయిన క్షమాపణకు బదులు ఈ ఒక్కసారికి పెద్దమ్మ కారును గెలిపించాలని మనసులో అనుకుంది. తండ్రి వైపు చూసి తల ఊపింది.

పచ్చదీపం పడింది.

వీధి చీలిపోయినంత మోత. వాండా రెండో గేరు వేసేసరికి సెడాన్ వెనక దీపాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె అనుకున్నది మరిచిపోయి పెడల్ అడుగంటా తొక్కింది. అయినా అందలేదు.

డ్రైవిన్ దగ్గర కాజిమిర్ దిగాడు. గెలిచినవాళ్ళు చూపించాలి కదా. ఆ బానెట్ మొదటిసారి పైకి లేచింది.

లోపల వేలు పెట్టే సందు లేకుండా నిండిపోయిన ఇంజను. ఆ వీధిలో అంతటిది ఎవరి దగ్గరా లేదు. చుట్టూ మూగినవాళ్ళంతా ఏదో ఒక శుక్రవారం పెద్దమ్మ మీద గెలిచి, ఆ సంబరంతోనే కార్ల పిచ్చి పట్టించుకున్నవాళ్ళు.

"మరి ఎందుకు ఓడిపోయేది?" అని అడిగింది వాండా.

డేల్ బానెట్ మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పాడు. "మా ఊళ్ళో ఎవర్నీ గెలవనిచ్చేది కాదు. ఓడినవాళ్ళు ఒక్కొక్కరే కార్లు అమ్ముకున్నారు. చివరికి ఎర్రదీపం దగ్గర అత్త పక్కన ఆగేవాళ్ళే లేకుండా పోయారు. అందుకే ఈ ఊరొచ్చాక ఓడిపోవడం నేర్చుకుంది."